కంప్యూటర్ చెయ్యి పెట్టని శబ్దం

ఇంట్లో సినిమాలు చూడడానికి ప్రత్యేకంగా ఒక కంప్యూటర్ అమర్చుకోవాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న, ఏ సౌండ్ కార్డు కొంటే మంచిదని. ఏదీ కొనవద్దన్నదే నా సమాధానం. పాట రికార్డు చేసుకోవడానికో, హెడ్‌ఫోన్లలో సంగీతం వినడానికో సౌండ్ కార్డుతో పని పడవచ్చు గాని, సినిమా విషయంలో కంప్యూటర్ చేయగలిగిన ఉత్తమమైన సేవ, డిస్కులోనో ఫైల్లోనో ఉన్న శబ్దాన్ని తాను విప్పకుండా, మరొకదానితో కలపకుండా, పెంచకుండా, తగ్గించకుండా, ఉన్నదున్నట్టుగా ఏవీ రిసీవర్‌కు, అంటే శబ్దాన్ని విప్పి స్పీకర్లకు పంచే పెట్టెకు, అప్పగించడమే. ఆ అప్పగింత ఎక్కడెక్కడ చెడిపోతుంది, దాన్ని ఎలా కాపాడుకోవాలి, కాపాడుకున్న శబ్దాన్ని మన ఇళ్లలోని గదులు ఏం చేస్తాయి అన్నదే ఇక్కడ రాయదలచుకున్నాను.

సినిమా శబ్దం ఇంటికి చేరే రూపాలు స్థూలంగా రెండు. మొదటిది కొంత నష్టానికి ఒప్పుకుని కుదించినది. డీవీడీలో సెకనుకు 448 కిలోబిట్ల వరకు, బ్లూ-రేలో 640 కిలోబిట్ల వరకు వెళ్లే డాల్బీ డిజిటల్, సుమారు 1,500 కిలోబిట్ల పాత డీటీఎస్, ఓటీటీల్లో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ ఈ కోవలోవి. రెండోది నష్టమే లేకుండా కుదించినది, అంటే విప్పినప్పుడు స్టూడియోలో డిస్కు కోసం సిద్ధం చేసిన మాస్టర్ బిట్టు పొల్లుపోకుండా తిరిగి వచ్చేది. బ్లూ-రే డిస్కుల్లో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో ఇలాంటివి. వీటిలో మొదటిదానికి సెకనుకు 18 మెగాబిట్లు, రెండోదానికి 24.5 మెగాబిట్లు గరిష్ఠ పరిమితి. కంప్యూటర్ వెనక ఎర్రగా మెరిసే ఆప్టికల్ రంధ్రం ఈ బరువును మోయలేదు. దాని గుండా వెళ్లగలిగేది కుదించని స్టీరియో, లేదా పాత పద్ధతిలో కుదించిన 5.1 (ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ విడివిడిగా శబ్దం ఉండేది) మాత్రమే. కాబట్టి నష్టం లేని శబ్దం కావాలంటే చిత్రాన్నీ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ తప్ప వేరే దారి లేదు.

ఇప్పుడిది మామూలు విషయంలా కనిపిస్తుంది గాని, ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీలను విప్పకుండా మోసే ఏర్పాటు 2006లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.3తో మొదలైనా, ఆ పని చేయగల కంప్యూటర్ భాగాల కోసం మరికొన్నేళ్లు ఎదురుచూడవలసి వచ్చింది. 2008లో ఆసుస్ జోనార్ హెచ్‌డీఏవీ కార్డు, 2009 చివర్లో రేడియాన్ హెచ్‌డీ 5000 వరుస గ్రాఫిక్స్ కార్డులు, 2010 మొదట్లో ఇంటెల్ క్లార్క్‌డేల్ ప్రాసెసర్లు, ఆ ఏడాది చివర్లో ఎన్విడియా జీటీ 430 వచ్చాకే ఇది అందరికీ అందుబాటులోకి వచ్చింది. అంతకు ముందు బ్లూ-రే కొన్నవారు కూడా కంప్యూటర్ మీద చాలాసార్లు 16 బిట్లకు తగ్గించిన శబ్దాన్నే వినేవారు, ఎందుకంటే నకలు తీయకుండా కాపాడే రక్షణ లేని దారిలో పూర్తి నాణ్యతను పంపడానికి డిస్కు నిబంధనలు ఒప్పుకునేవి కావు. నేడు బజారులో దొరికే ఎంత చిన్న కంప్యూటర్‌లోనైనా గ్రాఫిక్స్ చిప్పే ఈ పని చేసేస్తుంది. సౌండ్ కార్డు వద్దనడానికి కారణం ఇదే.

అందువల్ల యంత్రం ఎంపికలో శక్తి కన్నా నిశ్శబ్దం ముఖ్యం. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 వంటి 6 వాట్ల ప్రాసెసర్ ఉన్న చిన్న డబ్బా పెట్టె కూడా హెచ్‌ఈవీసీ, ఏవీ1 అనే కొత్త పద్ధతుల్లో కుదించిన 10 బిట్ల చిత్రాలను సునాయాసంగా విప్పగలదు. అటువంటి వాటిలో ఫ్యానే లేని నమూనాలు కూడా దొరుకుతాయి. గేమ్స్ ఆడే పెద్ద కంప్యూటర్‌నే సినిమాలకు కూడా వాడుకోవచ్చు కదా అని కొందరంటారు. నిజమే, కానీ సినిమాలో నిశ్శబ్దం కూడా శబ్దంలో భాగమే, నాలుగు ఫ్యాన్లు రొద చేసే పెట్టె పక్కన కూర్చుంటే ఆ నిశ్శబ్దం మనకు దక్కదు. తిరిగే హార్డ్‌డిస్కులను కూడా అదే గదిలో ఉంచకుండా వేరే గదిలోని నిల్వ పెట్టెలో ఉంచి, నెట్‌వర్క్ కేబుల్ లాగడం మేలు. 4కే బ్లూ-రే డిస్కు గరిష్ఠంగా సెకనుకు 128 మెగాబిట్ల దాకా అడగగలదు కనుక ఆ దారిలో 100 మెగాబిట్ల పాత స్విచ్చి ఎక్కడా లేకుండా చూసుకోవాలి.

4కే డిస్కుల సంగతి వచ్చింది కనుక ఒక మాట. వాటిని అధికారికంగా కంప్యూటర్‌లో ఆడించడానికి ఇంటెల్ ఎస్‌జీఎక్స్ అనే రక్షణ వ్యవస్థ తప్పనిసరి. ఆ డిస్కులు ఆడించడానికి పనికొచ్చే ఏడో తరం నుంచి పదో తరం వరకు ఉన్న ప్రాసెసర్లలో ఆ సదుపాయం ఉండేది, తరవాతి తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇంటెల్ దాన్ని తీసేసింది. అంటే కొత్త కంప్యూటర్ కొన్నవారికన్నా పాత కంప్యూటర్ ఉన్నవారికే ఆ డిస్కు ఆడుతుందన్నమాట. డబ్బు పెట్టి డిస్కు కొన్నవాడిని ఇంతగా వేధించే ఏర్పాటు మరొకటి నేను చూడలేదు. అసలు డిస్కులే చూసేవారు విడిగా ఒక డిస్కు ప్లేయర్ కొని రిసీవర్‌కు తగిలించుకోవడం నయం.

ఇక తీగల సంగతి. అన్నిటికన్నా తిన్ననైన దారి కంప్యూటర్ నుంచి రిసీవర్‌కు, రిసీవర్ నుంచి టీవీకి లేదా ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్ లాగడం. కొందరు కంప్యూటర్‌ను టీవీకి తగిలించి, అక్కడి నుంచి శబ్దాన్ని వెనక్కి రిసీవర్‌కు రప్పిస్తారు. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ అయితే ఈ పద్ధతిలో డాల్బీ డిజిటల్ ప్లస్ వరకే వస్తుంది, ట్రూహెచ్‌డీ రాదు. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ టీవీలోనూ రిసీవర్‌లోనూ రెండు చోట్లా ఉంటేనే నష్టం లేని శబ్దం వస్తుంది, అదీ టీవీ దానిని మధ్యలో అడ్డుకోకుండా వదిలితేనే. మధ్యవర్తులు తగ్గే కొద్దీ తగాదాలు తగ్గుతాయి.

రిసీవర్ పాతదై, శబ్దాన్ని బాగానే విప్పుతున్నా 4కే హెచ్‌డీఆర్ చిత్రాన్ని ముందుకు పంపలేని పరిస్థితి చాలా ఇళ్లలో ఉంటుంది. మంచి రిసీవర్‌ను అందుకోసం పారేయనక్కర్లేదు. కంప్యూటర్‌కు రెండు చిత్ర ద్వారాలు ఉంటే ఒకదాన్ని టీవీకి, రెండోదాన్ని కేవలం శబ్దం కోసం రిసీవర్‌కు తగిలించవచ్చు. అయితే విండోస్ ఆ రిసీవర్‌ను కూడా ఒక తెరగానే భావిస్తుంది, మౌస్ బాణం అప్పుడప్పుడు ఆ కనిపించని తెరలోకి జారుకుని మాయమైపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ రెండో తెరను మొదటి తెరకు మూల మాత్రమే తగిలేలా ఐమూలగా జరిపితే ఆ బెడద దాదాపు పోతుంది.

కేబుళ్ల ధర గురించి నాకు మొహమాటం లేదు. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి అంకెలు, అవి చేరితే పూర్తిగా చేరతాయి, చేరకపోతే చిత్రం మినుకుమంటుంది, శబ్దం తెగుతుంది, అంతే. వేల రూపాయల కేబుల్ వల్ల గొంతు మృదువుగా, బేస్ నిండుగా మారిందని చెప్పేవారి మాటను నేను లెక్కలోకి తీసుకోను. పొడవు పెరిగే కొద్దీ నాణ్యమైన కేబుల్ అవసరమన్నది మాత్రం వాస్తవం. ప్రొజెక్టర్‌కు గోడ వెంట దూరంగా లాగేవారు ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ వైపు చూడడం మంచిది.

అప్పగింత ఎక్కువగా చెడేది కంప్యూటర్ లోపలే. విండోస్‌లో మామూలుగా ప్రతి ప్రోగ్రామ్ శబ్దమూ ఒక మిక్సర్ గుండా పోతుంది. ఆ మిక్సర్ అన్నిటినీ ఒకే శాంప్లింగ్ రేటుకు (సెకనుకు తీసే శబ్ద నమూనాల సంఖ్యకు) మార్చి, కలిపి, శిఖరాలు హద్దు దాటకుండా ఒక లిమిటర్‌తో నొక్కి బయటికి పంపుతుంది. వీడియో చూస్తూండగా ఈమెయిల్ వచ్చిన గంట కూడా వినిపించడానికి ఆ ఏర్పాటు అవసరమే, కానీ సినిమాకు అది పరాయి చెయ్యి. దీన్ని తప్పించుకోవడానికి విండోస్ విస్టా కాలం నుంచీ వాసాపీ అనే మార్గంలో ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఉంది. ప్లేయర్ దాన్ని కోరితే శబ్ద పరికరం పూర్తిగా దాని అధీనంలోకి వస్తుంది, మిక్సర్ పక్కకు తప్పుకుంటుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ పరికరాన్ని ఎంచి, ఎక్స్‌క్లూజివ్ మోడ్‌కు అనుమతి ఉందో లేదో చూసి, ఎన్‌హాన్స్‌మెంట్స్ పేరుతో ఉన్నవన్నీ తీసేసి, డిఫాల్ట్ ఫార్మాట్‌ను 24 బిట్లు, 48,000 హెర్ట్జ్‌గా ఉంచాలి. సినిమా శబ్దం దాదాపు ఎప్పుడూ 48,000 హెర్ట్జ్‌లోనే ఉంటుంది గనుక, ఎప్పుడైనా మిక్సర్ దారిలో పోవలసి వచ్చినా అనవసరమైన మార్పిడి ఒకటి తప్పుతుంది.

నేను ఎక్కువగా వాడే ప్లేయర్ కోడీ. దీన్ని పాతవారు ఎక్స్‌బీఎంసీ అన్న పేరుతో గుర్తుపడతారు. దాని ఆడియో సెట్టింగ్స్‌ను ఎక్స్‌పర్ట్ స్థాయిలో తెరిస్తేనే కావలసినవన్నీ కనబడతాయి. అక్కడ ఒకే రిసీవర్ పేరు డైరెక్ట్‌సౌండ్ కిందా వాసాపీ కిందా రెండుసార్లు ఉంటుంది, వాసాపీ కింద ఉన్నదాన్ని ఎంచుకోవాలి. శబ్దాన్ని విప్పకుండా పంపే పాస్‌త్రూను అనుమతించి, మన రిసీవర్ విప్పగల ఫార్మాట్లకు మాత్రమే గుర్తు పెట్టాలి. డాల్బీ డిజిటల్‌లోకి తిరిగి కుదించే ట్రాన్స్‌కోడింగ్ అన్నది ఆప్టికల్ కేబుల్ వాడేవారి కోసం ఉన్నది, హెచ్‌డీఎంఐ వాడేవారికి దానితో పనిలేదు. ప్లేబ్యాక్‌ను తెరతో సమన్వయం చేసే సింక్ ప్లేబ్యాక్ టు డిస్‌ప్లే అన్న ఎంపిక చూడడానికి ఆకర్షణీయంగా ఉంటుంది గాని, అది శబ్దం వేగాన్ని సవరిస్తుంది కనుక దానితో పాస్‌త్రూ కుదరదు. దాన్ని ఆపేసి, దాని బదులు తెర రిఫ్రెష్ రేటును (సెకనుకు ఎన్నిసార్లు చిత్రాన్ని మారుస్తుందన్నదాన్ని) సినిమాకు తగ్గట్టు మార్చే ఎంపికను ఆన్ చేయాలి. రేటు మారేటప్పుడు హెచ్‌డీఎంఐ బంధం ఒక క్షణం తెగి మళ్లీ కలుస్తుంది, అందువల్ల మొదటి మాటలు వినబడకుండా పోతాయి. అందుకే రేటు మారాక రెండు మూడు సెకన్లు ఆగేలా అక్కడే ఒక సెట్టింగ్ ఉంది.

కోడీ నచ్చనివారికి ఎల్‌ఏవీ ఫిల్టర్లతో కూడిన ఎంపీసీ-హెచ్‌సీ ప్లేయర్ ఉంది, సెట్టింగ్స్ ఫైలు చేత్తో రాసుకునే ఓపిక ఉన్నవారికి ఎంపీవీ ప్లేయర్ ఉంది. విండోస్‌తో వేగలేమనుకునేవారు లిబ్రెఎలెక్‌ను పెన్‌డ్రైవ్ నుంచి ఆడించి చూడవచ్చు. అది లైనక్స్ మీద నేరుగా కోడీలోకే తెరుచుకుంటుంది, మధ్యలో ఈమెయిల్ గంటలకు తావుండదు.

ఇవన్నీ సరిగా కుదిరాయో లేదో తెలుసుకోవడానికి చెవుల కన్నా కళ్లు నమ్మదగినవి. రిసీవర్ ముందు పలక మీద డాల్బీ అట్మాస్ అనో, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ అనో కనబడితే అప్పగింత జరిగినట్టు. మల్టీ ఛానల్ అని కనబడితే కంప్యూటరే శబ్దాన్ని విప్పి పంపుతున్నట్టు. ఉత్త స్టీరియో అని కనబడితే దారిలో ఎవరో 5.1ని రెండు ఛానళ్లకు పిండేసినట్టు.

కంప్యూటరే విప్పి పంపితే తప్పేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. 5.1, 7.1 వరకు తప్పేమీ లేదు. నష్టం లేని కుదింపును ఎవరు విప్పినా వచ్చే అంకెలు ఒకటే, హెచ్‌డీఎంఐ ఎనిమిది ఛానళ్ల శబ్దాన్ని 24 బిట్లలో, 192 కిలోహెర్ట్జ్ వరకు విప్పిన రూపంలోనే మోయగలదు. డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోను పూర్తిగా విప్పే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ 2015, 2016 ప్రాంతంలో చాలా ప్లేయర్లు వాడుకునే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో స్థిరపడేదాకా కొంత ఇబ్బంది ఉండేది, ఇప్పుడు అదీ లేదు. తేడా అంతా అట్మాస్, డీటీఎస్:ఎక్స్ వంటి వాటితోనే వస్తుంది. వాటిలో ఛానళ్లతో పాటు ఏ శబ్దం గదిలో ఏ చోట ఉండాలో చెప్పే సమాచారం కూడా ఉంటుంది, దాన్ని చదివి మన స్పీకర్ల అమరికకు తగ్గట్టు పంచే పని ప్రస్తుతం రిసీవర్‌దే. కంప్యూటర్ ట్రూహెచ్‌డీ అట్మాస్‌ను విప్పితే లోపలి 7.1 వస్తుంది. హెలికాప్టర్ చప్పుడు పోదు, నెత్తి మీద నుంచి పోవలసిన హెలికాప్టర్ గోడ వెంట పోతుంది. పైకప్పు స్పీకర్లు లేని ఇంట్లో దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

రిఫ్రెష్ రేటు చిత్రానికి సంబంధించినదే అయినా శబ్దానికీ దానికీ చుట్టరికం ఉంది. బ్లూ-రే సినిమాలు చాలావరకు సెకనుకు 23.976 ఫ్రేములతో వస్తాయి. తెర 60 హెర్ట్జ్‌లో ఉంటే కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యాల్లో కుదుపు కనిపిస్తుంది. దానికన్నా పెద్ద తేడా సెకనుకు 25 ఫ్రేముల టీవీ పద్ధతి అయిన పాల్‌లో వచ్చిన పాత డీవీడీలలో ఉంటుంది. 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములుగా ఆడించడం వల్ల అది నాలుగు శాతం వేగంగా నడుస్తుంది, శ్రుతి సరిచేయకపోతే పాటలు ఒక స్వరస్థానంలో ముప్పావు వంతుకు దగ్గరగా పైకి పోతాయి. చిన్నప్పటి నుంచి క్యాసెట్‌లో విన్న పాట సినిమాలో వేరే శ్రుతిలో వినబడుతోందని ఎవరైనా అంటే వారి చెవిని శంకించకండి.

ఇక్కడితో కంప్యూటర్ పని దాదాపు అయిపోయింది. గది మొదలవుతుంది. నా అంచనాలో వినబడే నాణ్యతలో పెద్ద వాటా గదిదే. మన అపార్ట్‌మెంట్లలో నేల మీద విట్రిఫైడ్ టైల్స్, పైన సిమెంటు స్లాబు, చుట్టూ నున్నగా పూత పూసిన ఇటుక గోడలు, ఒకవైపు బాల్కనీకి గాజు తలుపు ఉంటాయి. ఎండాకాలానికి ఇవి చల్లన, శుభ్రం చేయడానికి సులువు, కానీ ధ్వనికి మాత్రం ఇవన్నీ అద్దాలే. గదిలో చప్పట్లు కొడితే టంగుమని లోహపు మోత వినబడితే, సినిమాలో మాటలు కూడా అలాగే చెదురుతున్నాయని అర్థం. తెలుగు సినిమాలో సంభాషణ అర్థం కావడం లేదు, పాటలూ ఫైట్లూ మాత్రం చెవులు పగలగొడుతున్నాయి అన్న ఫిర్యాదులో కొంత మిక్సింగ్ దోషం ఉండవచ్చు గాని, చాలా ఇళ్లలో సగం దోషం ఈ టైల్స్‌దే.

దీనికి చికిత్స ఖరీదైనది కానక్కర్లేదు. స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద మందపాటి తివాచీ, గాజు తలుపుకు దళసరి పరదా, వెనక గోడకు పుస్తకాల అలమర పెడితేనే మాట స్పష్టత ఎంతో మారుతుంది. ఇంకా చేయాలనుకుంటే 50 నుంచి 100 మిల్లీమీటర్ల మందంతో రాక్‌వూల్ పలకలకు గుడ్డ తొడిగి, ఎడమ కుడి స్పీకర్ల శబ్దం మొదట తగిలి వెనక్కి వచ్చే పక్కగోడల చోట బిగించవచ్చు. మీరు కుర్చీలో కూర్చుని, మరొకరిని గోడ వెంట అద్దం జరపమంటే, ఆ అద్దంలో స్పీకర్ మీకు కనబడిన చోటే ఆ స్థానం. గుడ్ల అట్టలు అతికించే అలవాటు ఇంకా పోలేదు, అవి గదిని వికారంగా చేయడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు.

బేస్‌కు ఈ పలకలేవీ సరిపోవు. 40 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లకు పైనే ఉంటుంది, రెండంగుళాల ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. పైగా గది కొలతలే బేస్‌ను నిర్ణయిస్తాయి. 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న మామూలు పడకగదిని తీసుకుంటే, ధ్వని వేగాన్ని ఒక్కో కొలతకు రెట్టింపుతో భాగించినప్పుడు మొదటి అనునాదాలు (గది తనంతట తాను మారుమోగే స్వరాలు) దాదాపు 40, 47, 56 హెర్ట్జ్‌ల దగ్గర వస్తాయి. ఆ మూడు చోట్ల బేస్ కొన్ని స్థానాల్లో ఉబ్బుతుంది, మరికొన్ని స్థానాల్లో పూర్తిగా మాయమవుతుంది. గదికి సరిగ్గా నడిమధ్యన కూర్చున్నవాడికి బేస్ సన్నగా, వెనక గోడకు ఆనుకుని కూర్చున్నవాడికి ఊదరగొట్టేలా వినబడడానికి కారణం ఇదే. పొడవూ వెడల్పూ సమానంగా ఉన్న గది అన్నిటికన్నా మొండిది, రెండు అనునాదాలు ఒకచోటే పేరుకుంటాయి.

బేస్ కోసమే ఉన్న స్పీకర్ అయిన సబ్‌వూఫర్‌ను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ఒక పాత ఉపాయం ఇప్పటికీ పనికొస్తుంది. దాన్ని మీరు కూర్చునే సోఫా మీదకు ఎక్కించి, బేస్ స్వరాలు నిలకడగా నడిచే ఏదైనా పాట పెట్టి, మీరు గోడల వెంట నేల మీద పాకుతూ వినాలి. ఎక్కడ స్వరాలన్నీ సమానంగా, స్పష్టంగా వినిపిస్తాయో అక్కడ సబ్‌వూఫర్ పెట్టాలి. ఇంట్లో పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. డబ్బుంటే ఒక పెద్ద సబ్‌వూఫర్ కన్నా ఎదురెదురు గోడల మధ్యభాగాల్లో రెండు చిన్నవి పెట్టడం వల్ల ఎక్కువ కుర్చీలకు సమానమైన బేస్ అందుతుంది.

కంప్యూటర్‌ను శబ్దం మీద చెయ్యి పెట్టవద్దన్నాను గాని, శబ్దాన్ని కొలవడంలో దానంత మంచి పనిముట్టు లేదు. ఆర్‌ఈడబ్ల్యూ అన్న పొట్టిపేరుతో పిలిచే రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితంగా దొరుకుతుంది. మినీడీఎస్‌పీ వారి యూమిక్-1 వంటి యూఎస్‌బీ కొలత మైకును, దానితో వచ్చే సవరణ ఫైలునూ జతచేసి, కూర్చునే చోట చెవి ఎత్తులో మైకు నిలబెట్టి, కింది నుంచి పైకి జారే ఒక స్వరాన్ని ఆడిస్తే గది తత్వమంతా గీతగా తెర మీద కనబడుతుంది. ఆ గీతలో కొండలను ఈక్వలైజర్‌తో తగ్గించవచ్చు, లోయలను మాత్రం నింపే ప్రయత్నం చేయకూడదు. గోడ నుంచి తిరిగి వచ్చిన తరంగం అసలు తరంగాన్ని రద్దుచేసిన చోట ఎంత శక్తి పోసినా అదీ రద్దవుతుంది, ఆంప్లిఫయర్ వేడెక్కడమే మిగులుతుంది. కుర్చీని ఒక అడుగు ముందుకు జరపడం ఆ లోయకు అసలైన మందు. రిసీవర్‌లో ఉండే ఆడిసీ వంటి స్వయంచాలక సవరణ మంచి ప్రారంభమే, కానీ అది చేసినదాన్ని మరోసారి కొలిచి చూడకుండా నమ్మడం నా పద్ధతి కాదు.

స్పీకర్ల కోణాలు ఎవరైనా చెప్పేవే. ముందున్న రెండూ మధ్యరేఖకు చెరో 30 డిగ్రీలు, 5.1లో పక్క స్పీకర్లు 110 డిగ్రీల దగ్గర, పైకప్పులోవి కూర్చున్నవారి నుంచి సుమారు 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి. సెంటర్ స్పీకర్‌ను టీవీ బల్ల అరలో లోపలికి తోయకుండా అంచు దాకా ముందుకు లాగి, చెవుల వైపు కొద్దిగా పైకి వంచాలి. సినిమాలో మాటలన్నీ దాదాపు దాని గుండానే వస్తాయి, బడ్జెట్‌లో అన్నిటికన్నా ముందు దానికే వాటా తీయాలి. స్పీకర్లన్నిటినీ రిసీవర్‌లో స్మాల్‌గా ఎంచి 80 హెర్ట్జ్ దగ్గర బేస్‌ను సబ్‌వూఫర్‌కు మళ్లించడం, స్పీకర్లు ఎంత పెద్దవైనా సరే, మంచి ప్రారంభం.

మన ఇళ్లలో మరో రెండు శత్రువులున్నాయి. ఒకటి సీలింగ్ ఫ్యాను. అది గాలిని కోసే హోరు సినిమాలోని మెల్లని శబ్దాలన్నిటినీ కప్పేస్తుంది. గుసగుసలు వినబడటం లేదని వాల్యూమ్ పెంచడం, మరుక్షణం పేలుడు వచ్చి ఉలిక్కిపడటం చాలామందికి అనుభవమే, అక్కడ ఫ్యాను ఆపడమే సరైన వాల్యూమ్ బటన్. సినిమాకు ముందే ఏసీ వేసి గది చల్లబరిచి, తరవాత దాన్ని అన్నిటికన్నా తక్కువ వేగంలో ఉంచితే సరిపోతుంది. రెండోది విద్యుత్తు. ఎర్తింగ్ సరిగాలేని ప్లగ్గులు, గోడలోంచి వచ్చే కేబుల్ టీవీ తీగ, చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కలిసి స్పీకర్లలో 50 హెర్ట్జ్ జుమ్మనే మోతను పుట్టిస్తాయి. కంప్యూటర్, రిసీవర్, సబ్‌వూఫర్ మూడింటినీ ఒకే మూడుపిన్నుల లైనుకు తగిలించి, కేబుల్ టీవీ తీగను పీకి చూడండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. ఎర్త్ పిన్ను విరిచేసి మోత ఆపడం కొందరు ఎలక్ట్రీషియన్లు కూడా చెప్పే చిట్కా, అది ప్రాణాలతో చెలగాటం, ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

ఓటీటీ గురించి అడిగేవారే ఎక్కువ, ఎందుకంటే బ్లూ-రేలో వచ్చిన తెలుగు సినిమాలు తక్కువ. ఈ పనికి కంప్యూటర్ అంత అనువైనది కాదు. బ్రౌజర్‌లో చాలా సేవలు స్టీరియోకో, మహా అయితే 5.1కో పరిమితమవుతాయి, చిత్ర నాణ్యత కూడా కుదించుకుపోతుంది. రిసీవర్‌లో మరో హెచ్‌డీఎంఐ ద్వారానికి ఒక చిన్న స్ట్రీమింగ్ పెట్టె తగిలించుకోవడమే తెలివైన పని. అందులో వచ్చే అట్మాస్ సైతం డాల్బీ డిజిటల్ ప్లస్‌లో సుమారు 768 కిలోబిట్ల లోపు కుదించినదే. అయినా దాన్ని చిన్నచూపు చూడవలసిన అవసరం లేదు. బాగా మిక్స్ చేసిన ఓటీటీ శబ్దం పేలవంగా మిక్స్ చేసిన డిస్కు కన్నా ఎప్పుడూ బాగుంటుంది.

చివరగా వాల్యూమ్. సినిమాలను మిక్స్ చేసే థియేటర్లలో ఒక నిర్ణీత స్థాయి ఉంటుంది. ఒక్కో ప్రధాన ఛానల్ నుంచి శిఖరాలు 105 డెసిబెల్ల దాకా, బేస్ ఛానల్ 115 దాకా రాగలిగేలా ఆ స్థాయిని పెడతారు. ఇంట్లో రిసీవర్ పరీక్షా ధ్వని ప్రతి స్పీకర్ నుంచి 75 డెసిబెల్లుగా కొలిచేలా సవరిస్తే, చాలా రిసీవర్లలో వాల్యూమ్ సున్నా అన్నది ఆ స్థాయికి సమానమవుతుంది. చిన్న గదిలో సున్నా దగ్గర వినడం ఎవరికీ సుఖంగా ఉండదు, నేను సాధారణంగా దానికి 15 డెసిబెల్లు కింద వింటాను. పక్కవాటాలో పసిపిల్ల నిద్రపోతున్న రాత్రుల్లో ఇంకా తగ్గించవలసి వస్తుంది, అప్పుడు మెల్లని మాటలు మరుగున పడతాయి. అటువంటి వేళల కోసమే డాల్బీ శబ్దంలోనే పెద్ద చిన్నల మధ్య దూరాన్ని కుదించే సూచనలు పొందుపరచి ఉంటాయి, రిసీవర్‌లో డైనమిక్ కంప్రెషన్ పెడితే అవి అమలవుతాయి. ఆ సెట్టింగ్ కొన్ని రిసీవర్లలో ట్రూహెచ్‌డీకి ముందుగానే ఆటోలో ఉంటుంది కనుక, పగలు పూర్తి శబ్దం కావాలనుకున్నప్పుడు దాన్ని ఆఫ్‌లో పెట్టారో లేదో చూసుకోండి. సబ్‌వూఫర్‌ను మాత్రం రాత్రి పది దాటాక ఆరేడు డెసిబెల్లు తగ్గించండి, గోడలు దాటి కింది వాటాలోకి పోయేది మాటలు కావు, 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా.